ఉద్యోగం కోసం ఫీనిక్స్‌కు కాపురం మారుస్తున్నారా? ఆఫర్ లెటర్ నుంచి మొదటి వాన దాకా

మాది పల్నాడు. రెంటచింతల ఎండ గురించి పేపర్లో చదివినవాళ్ళం కాదు, ఆ ఎండలో బడికి నడిచినవాళ్ళం. అందుకే డాలస్ నుంచి ఆరిజోనాకు మారుతున్నామని తెలిసి స్నేహితులు భయపెడితే, "ఎండ మాకు కొత్తేం కాదులెండి" అని కొట్టిపారేశాం. జూన్ రెండో వారంలో ఫీనిక్స్‌లో దిగాం. నాలుగో రోజు గ్యారేజీలోంచి అట్టపెట్టెలు లోపలికి మోస్తూ మోస్తూ మా ఆవిడ వంటింటి గట్టు పట్టుకుని కూలబడిపోయింది. ఒంటి మీద చెమట చుక్క లేదు. దాహం వేస్తోందని ఒక్కసారీ అనలేదు. పెదాలు ఎండిపోయి మాట తడబడుతోంది. ఉప్పూ పంచదారా కలిపిన నీళ్ళు గంటసేపు కొద్దికొద్దిగా తాగిస్తే గానీ తేరుకోలేదు.

మన ఊళ్ళో ఎండ దెబ్బ తగిలే ముందు ఒళ్ళు హెచ్చరిస్తుంది. చొక్కా తడిసి ముద్దవుతుంది, ఉక్కపోతకు కూర్చోలేం. ఇక్కడ జూన్‌లో గాలిలో తేమ చాలా రోజులు మధ్యాహ్నం పది శాతం కూడా ఉండదు. పట్టిన చెమట పట్టినట్టే ఆరిపోతుంది. ఒంట్లోంచి నీళ్ళు పోతున్నాయని మనకు తెలియదు. అందుకే పల్నాడు నుంచో రామగుండం నుంచో వచ్చిన మనలాంటివాళ్ళమే ఇక్కడ ముందు దెబ్బతింటాం, ధీమా ఎక్కువ కాబట్టి. కింద రాసినదంతా ఆ ధీమా పక్కన పెట్టాక నేర్చుకున్నదే.

ఎంత ఎండ అంటే, 2023లో ఫీనిక్స్‌లో వరసగా 31 రోజులు 110 డిగ్రీల ఫారెన్‌హీట్ తగ్గలేదు. అంటే మన లెక్కలో 43 పైనే. ఇక ముందు చెప్పే డిగ్రీలన్నీ ఫారెన్‌హీటే. 2024లో వరసగా 113 రోజులు వంద డిగ్రీలు తాకింది. ఇంకో విషయం, రాత్రి చల్లబడుతుందని ఆశ పెట్టుకోకండి. ఎడారి రాత్రి చల్లగా ఉంటుందన్నది ఊరి బయట మాట. నగరంలో రోడ్లూ గోడలూ పగలు తాగిన వేడిని రాత్రంతా కక్కుతాయి. 2023 జూలైలో ఒక రోజు కనిష్ఠ ఉష్ణోగ్రతే 97 డిగ్రీలు.

ఇదంతా ఫీనిక్స్, దాని చుట్టూ ఉన్న చాండ్లర్, గిల్బర్ట్, టెంపీ, పియోరియా ఊళ్ళ సంగతి. లాస్ వేగాస్, టూసాన్ వెళ్ళేవాళ్ళకు కూడా ఎండ జాగ్రత్తలన్నీ పనికొస్తాయి. నెవాడాలో పన్నులు, లైసెన్సు నియమాలు మాత్రం వేరు.

మొదటి మెట్టు: సంతకం పెట్టే ముందు

ముందు డబ్బు సంగతి. కంపెనీ ఇచ్చే రీలొకేషన్ సొమ్మును 2018 నుంచి ఫెడరల్ ప్రభుత్వం జీతంగానే లెక్కేస్తోంది. పదివేల డాలర్లు ఇస్తామని రాసి ఉంటే చేతికి పదివేలు రావు. ఆ పన్ను కూడా కంపెనీయే భరిస్తుందా అని సంతకానికి ముందే హెచ్‌ఆర్‌ను అడగండి. వాళ్ళ భాషలో దీన్ని గ్రాస్ అప్ అంటారు. ఏడాదిలోపో రెండేళ్ళలోపో మానేస్తే మొత్తం వెనక్కి కట్టాలన్న షరతు ఉందేమో కూడా చూసుకోండి. ఉంటే, కంపెనీయే తీసేసినా ఈ షరతు వర్తిస్తుందా అన్నది అడిగి రాతపూర్వకంగా తీసుకోవాలి.

ఆరిజోనాలో రాష్ట్ర ఆదాయపు పన్ను అందరికీ ఒకటే, 2.5 శాతం. న్యూజెర్సీ, కాలిఫోర్నియా నుంచి వచ్చేవాళ్ళకు ఇది ఉపశమనం. టెక్సాస్ నుంచి వచ్చేవాళ్ళకు కొత్త కోత. మేం ఈ లెక్క వేసుకోకుండానే బడ్జెట్ రాసుకున్నాం.

హెచ్1బి మీద ఉన్నవాళ్ళు కొత్త కంపెనీ పిటిషన్ ఇమిగ్రేషన్ శాఖ యూఎస్‌సీఐఎస్‌కు అందిన రసీదు వచ్చేదాకా పాత ఉద్యోగానికి రాజీనామా ఇవ్వకండి. కంపెనీ అదే అయినా ఊరు మారుతుంటే పని అయిపోలేదు. వేరే మెట్రో ప్రాంతానికి మారితే సాధారణంగా పిటిషన్‌కు సవరణ, అంటే అమెండ్‌మెంట్, వేయాలి, అదీ కొత్త చోట పని మొదలుపెట్టకముందే. "తర్వాత చూద్దాం" అని మేనేజర్ అన్నా మీరు ఒప్పుకోవద్దు, లాయర్‌తో మాట్లాడండి. చిక్కు వస్తే వచ్చేది మీ స్టేటస్‌కే.

రెండో మెట్టు: ఇల్లు ఎక్కడ, ఎటు ముఖం

మనవాళ్ళు ఎక్కువగా చాండ్లర్, గిల్బర్ట్ వైపు ఉంటారు. కిరాణా కొట్లు, టిఫిన్ హోటళ్ళు, పిల్లల సంగీతం క్లాసులు అటే. ఇంటెల్ వాళ్ళ ఒకోటిల్లో క్యాంపస్ చాండ్లర్‌లోనే ఉంది, కాబట్టి అక్కడ చేరేవాళ్ళకు ఆలోచించే పని లేదు. కానీ చిప్‌లు చేసే టీఎస్‌ఎంసీ ఫ్యాక్టరీ ఉన్నది ఉత్తర ఫీనిక్స్‌లో. మనవాళ్ళున్నారని చాండ్లర్‌లో ఇల్లు తీసుకుంటే పొద్దున గంట, సాయంత్రం గంట కారులోనే పోతుంది. వేసవిలో ఆ డ్రైవింగ్ మామూలు డ్రైవింగ్ కాదు. కారు ఏసీ ఆగిన రోజు ఫ్రీవే మీద ఇరుక్కుంటే ప్రాణం మీదికి వస్తుంది. అటు పనిచేసేవాళ్ళు పియోరియా, డీర్ వ్యాలీ, యాంథెమ్ వైపు చూసుకోవడం మేలు. శని ఆదివారాల్లో దోసెల కోసం చాండ్లర్ రావడం కష్టమేం కాదు.

ఇక ఇంటి ముఖం. ఈ విషయంలో మనవాళ్ళకు నచ్చని మాట చెప్పాలి. వాస్తు ప్రకారం తూర్పు ముఖం ఇల్లే కావాలని పట్టుబడతాం. ఇక్కడి ఇళ్ళలో పెద్ద పెద్ద గాజు తలుపులు, పెరటి వరండా వెనక వైపు ఉంటాయి. ముందు తూర్పైతే ఆ గాజు తలుపులన్నీ పడమటికి తిరిగి ఉంటాయి. మధ్యాహ్నం మూడు నుంచి ఏడు దాకా ఎండ నేరుగా హాల్లోకి వస్తుంది. కరెంటు రేటు ఎక్కువుండే గంటలూ చాలావరకు అవే. ఉత్తర ముఖం ఇల్లు దొరికితే వాస్తుకూ ఇబ్బంది లేదు, పెరడు దక్షిణానికి వస్తుంది. వేసవిలో నడినెత్తిన ఉండే సూర్యుణ్ణి వరండా కప్పే ఆపేస్తుంది, చలికాలంలో వాలుగా వచ్చే ఎండ హాయిగా లోపలికి వస్తుంది. తూర్పు ముఖమే తప్పదనుకుంటే పడమటి గాజులకు బయటి వైపు సన్ స్క్రీన్లు ఉన్నాయో లేదో చూసుకోండి. లోపల కర్టెన్లు ఎంత మందంగా వేసినా, అప్పటికే వేడి ఇంట్లోకి వచ్చేసినట్టే.

అపార్ట్‌మెంట్ అయితే పై అంతస్తు వద్దు. పైకప్పు వేడంతా మీ మీదే.

లీజు రాసే ముందు ఇవి అడగాలి. ఏసీ యూనిట్ ఎన్నేళ్ళది? పాడైతే ఎన్ని గంటల్లో మనిషిని పంపుతారు? కిందటి వేసవిలో కరెంటు బిల్లు ఎంత వచ్చింది? ఫీనిక్స్ నగర నియమం ప్రకారం అద్దె ఇంట్లో ఏసీ ఉంటే అది గదుల్ని 82 డిగ్రీలకో అంతకన్నా తక్కువకో చల్లబరచగలగాలి. ఇంటి చూపుకు మధ్యాహ్నం నాలుగింటికి వెళ్ళండి, పొద్దున వద్దు. థర్మోస్టాట్‌ను 76కు పెట్టి అరగంట మాట్లాడుతూ కూర్చుంటే ఏసీ సంగతి దానికదే తెలుస్తుంది. సెక్యూరిటీ డిపాజిట్ ఒకటిన్నర నెల అద్దెకు మించి అడగకూడదని ఆరిజోనా చట్టం. అద్దె మీద నగరాలు వేసే పన్ను 2025 జనవరి నుంచి రద్దయింది, పాత లీజు ఫారం చూపించి ఎవరైనా అడిగితే ఇవ్వొద్దు.

పెరట్లో స్విమ్మింగ్ పూల్ ఉన్న ఇళ్ళు ఇక్కడ చాలా. ఇంట్లో ఆరేళ్ళలోపు పిల్లలుంటే పూల్ చుట్టూ కంచె తప్పనిసరి. చట్టం సరే, గేటు దానంతటదే మూసుకుని గడియ పడుతోందో లేదో మీ చేత్తో తెరిచి వదిలి చూడండి. చూడకుండా సంతకం పెట్టొద్దు.

మూడో మెట్టు: ఏ నెలలో మారాలి

చేతిలో ఉంటే అక్టోబరు నుంచి మార్చి మధ్యలో మారండి. ఒంటికి అలవాటు పడే సమయం దొరుకుతుంది. పిల్లల బడి కోసం వేసవిలోనే రావాలనుకుంటే ఒక మెలిక ఉంది: చాండ్లర్ లాంటి చోట్ల బడులు జూలై రెండో సగంలోనే తెరుస్తారు. సెప్టెంబరులో కదా అని న్యూజెర్సీ లెక్కన తాపీగా ఆగస్టు చివర్లో దిగిన కుటుంబాలకు నెల పాఠాలు పోతాయి. టీకాల రికార్డు, పాత బడి మార్కుల షీట్లు బ్యాగులో చేతికందేలా పెట్టుకోండి, ట్రక్కులో వేయకండి. ఆరిజోనాలో ఓపెన్ ఎన్‌రోల్‌మెంట్ ఉంది, ఖాళీ ఉంటే మీ ఏరియా కాని ప్రభుత్వ బడిలోనూ చేర్చుకుంటారు. మనవాళ్ళు ఎక్కువగా అడిగే బేసిస్ లాంటి చార్టర్ బడులకు (ప్రభుత్వ నిధులతో ప్రైవేటుగా నడిచేవి) నెలల ముందే దరఖాస్తు పెట్టాలి.

నాలుగో మెట్టు: ట్రక్కులో ఏం వేయకూడదు

ఎండలో నిలిచిన ట్రక్కు లోపల పొయ్యి మీద పెట్టినట్టే. మందులు, ఇన్సులిన్, ల్యాప్‌టాప్‌లు, బ్యాటరీలు, కొవ్వొత్తులు, స్ప్రే డబ్బాలు, ఫోటో ఆల్బములు మీతోపాటే రావాలి. ఆవకాయ జాడీ కూడా. వేడికి నూనె పొంగి మూతలోంచి కారి మా కొత్త దుప్పట్లన్నీ ఎర్రబడ్డాయి.

కరివేపాకు మొక్క గురించి ప్రత్యేకంగా చెప్పాలి. నిమ్మజాతి చెట్లను చంపే జబ్బును మోసే పురుగు కరివేపాకు మీద కూడా బతుకుతుంది. అందుకే టెక్సాస్, ఫ్లోరిడా, కాలిఫోర్నియా లాంటి చోట్ల నుంచి ఈ మొక్కను రాష్ట్రం దాటించడం మీద ఫెడరల్ ఆంక్షలున్నాయి. ఆరిజోనాలో నిమ్మ, నారింజ తోటలున్నాయి, వాటికి నిజంగానే ముప్పు. మాది ఆరేళ్ళ మొక్క, మా అమ్మ అమెరికా వచ్చినప్పుడు నాటింది. డాలస్‌లో పక్కింటివాళ్ళకు ఇచ్చేసి వచ్చాం. ఇక్కడికి వచ్చాక నర్సరీలో కొత్తది కొనుక్కోవచ్చు. మధ్యాహ్నం నీడ పడే చోట పెడితే ఏపుగా పెరుగుతుంది.

మూవర్స్‌ను పెట్టుకునేటప్పుడు రవాణా శాఖ వాళ్ళకిచ్చిన యూఎస్‌డాట్ నంబరు ప్రభుత్వ వెబ్‌సైట్‌లో చూసుకోండి. తర్వాత పెంచడానికి వీల్లేని బైండింగ్ ఎస్టిమేట్ తీసుకోండి.

అయిదో మెట్టు: దారి

డాలస్ నుంచి ఐ-20, ఐ-10 మీదుగా వెయ్యి మైళ్ళు పైనే. ఒక్క రోజులో కొట్టేద్దామనుకోవద్దు, ఎల్ పాసో దగ్గరో లాస్ క్రూసెస్‌లోనో రాత్రి ఆగండి. పశ్చిమ టెక్సాస్ నుంచి పెట్రోల్ బంకులు దూరదూరంగా ఉంటాయి, ట్యాంకు సగానికి రాగానే నింపండి. లాస్ క్రూసెస్ దాటాక బోర్డర్ పెట్రోల్ చెక్‌పోస్టు ఉంది. పాస్‌పోర్టు, ఐ-94 (దేశంలోకి వచ్చిన రికార్డు), ఐ-797 (పిటిషన్ ఆమోద పత్రం) కాగితాలు డాష్‌బోర్డులో ఉండాలి, ట్రక్కులోని పెట్టెలో కాదు. అడిగితే చూపించి వెళ్ళిపోవడమే, టెన్షన్ పడాల్సింది లేదు.

న్యూమెక్సికోలో లార్డ్స్‌బర్గ్ దగ్గర, టూసాన్ దాటాక పికాచో పీక్ దగ్గర దుమ్ము తుఫాన్లు హఠాత్తుగా లేస్తాయి. ఎదురుగా గోధుమరంగు గోడ కనిపిస్తే చేయాల్సింది ఇది: వెంటనే రోడ్డు దిగి, తారు అంచుకు వీలైనంత దూరంగా ఆపాలి. హెడ్‌లైట్లు, హజార్డ్ లైట్లతో సహా అన్నీ ఆర్పేయాలి. హ్యాండ్‌బ్రేకు వేసి, బ్రేకు మీంచి కాలు తీసేయాలి. సీటుబెల్టు తీయకూడదు. లైట్లు వెలుగుతుంటే వెనక వచ్చేవాడు అదే రోడ్డనుకుని మిమ్మల్ని అనుసరిస్తూ వచ్చి గుద్దేస్తాడు. మనకు కష్టమొస్తే లైట్లు వేయడం అలవాటు, కాబట్టి ఈ మాట ఇంట్లో డ్రైవ్ చేసే ప్రతి ఒక్కరికీ రెండుసార్లు చెప్పండి.

ఆరో మెట్టు: మొదటి మూడు రోజులు

కరెంటు మీరు దిగే రోజుకు కాదు, ముందు రోజుకు పెట్టించుకోండి. ఏసీ లేకుండా మూతపడి ఉన్న ఇల్లు చల్లబడడానికి ఒక పూట పైనే పడుతుంది. కంపెనీలు ముఖ్యంగా రెండు, ఎస్‌ఆర్‌పీ, ఏపీఎస్. ఏది అన్నది అడ్రసును బట్టే, ఎంచుకునే వీలు లేదు. ప్లాన్ మాత్రం ఎంచుకోవచ్చు. టైమ్ ఆఫ్ యూజ్ ప్లాన్లలో సాయంత్రం కొన్ని గంటలు రేటు బాగా ఎక్కువ. ఏపీఎస్‌లో పనిదినాల్లో నాలుగు నుంచి ఏడు దాకా. ఆ గంటలకు ముందే ఇంటిని 74కు చల్లబరిచి, ఆ పీక్ గంటలు మొదలవగానే 80కి పెంచండి. వాషింగ్ మెషీన్, ఓవెన్, గ్రైండర్ ఏడు దాటాకే. పగలంతా ఇంట్లో పెద్దవాళ్ళో పసిపిల్లలో ఉంటే ఈ ప్లాన్ జోలికి పోకుండా మామూలు రేటు ప్లానే తీసుకోండి. బిల్లు ఆదా అవుతుందని ముసలివాళ్ళను వేడిలో కూర్చోబెట్టకూడదు.

ఏసీ ఫిల్టర్ దిగిన రోజే మార్చండి, తర్వాత వేసవిలో నెలకొకసారి.

మొదటి రోజు చేతులు కడుక్కుందామని చల్లనీళ్ళ కుళాయి తిప్పితే వేడినీళ్ళు వచ్చాయి. ప్లంబింగ్ తేడా ఉందేమోనని అటూ ఇటూ రెండు పిడులూ తిప్పి చూశాను, రెండూ వేడే. నేలలోని పైపులే కాగిపోతాయి. పసిపిల్లల స్నానానికి బకెట్లో ముందు రాత్రే నీళ్ళు పట్టి ఇంట్లో ఉంచండి. తోట పైపులో నిలిచిన నీళ్ళు చర్మం కాల్చేంత వేడిగా ఉంటాయి, పిల్లల మీదికి తిప్పకండి.

కారుకు అద్దానికి అడ్డుపెట్టే సన్‌షేడ్, స్టీరింగుకు తువ్వాలు, డిక్కీలో ఒక కేసు నీళ్ళు ఎప్పుడూ ఉండాలి. మా పాపకు సీటుబెల్టు బకిల్ తగిలి అరచేతిలో బొబ్బ లేచింది. అప్పటి నుంచి పిల్లల సీటు మీద తెల్లటి కాటన్ టవల్ కప్పి దిగుతాం, ఎక్కించేముందు బకిల్ మేం పట్టుకుని చూస్తాం. బ్యాటరీ ఇక్కడ రెండు మూడేళ్ళకు మించి నమ్మడానికి లేదు. వేసవికి ముందే టెస్ట్ చేయించండి. ఒక్క నిమిషమైనా సరే, పిల్లల్ని కారులో వదిలి దిగకూడదు.

ఏడో మెట్టు: కాగితాలు

లైసెన్సులు, బండ్ల రిజిస్ట్రేషన్లు చూసే డీఎంవీ ఆఫీసును ఇక్కడ ఎంవీడీ అంటారు. నివాసం మారగానే లైసెన్సు, బండి రిజిస్ట్రేషన్ రెండూ మార్చుకోవాలి, నెలల గడువు లేదు. ఫీనిక్స్ ప్రాంతంలో పాత బండ్లకు పొగ పరీక్ష ఉంటుంది. ఎంవీడీ అనుమతి ఉన్న ప్రైవేటు ఆఫీసులు కొంచెం ఫీజు ఎక్కువ తీసుకుని త్వరగా చేసిపెడతాయి. ఇన్సూరెన్సులో డిడక్టిబుల్ (ముందు మన జేబులోంచి కట్టే వాటా) లేని గ్లాస్ కవరేజీ అడిగి తీసుకోండి, ఫ్రీవేల మీద కంకర లేచి అద్దాలకు తగలడం ఇక్కడ మామూలే. వీసా మీద ఉన్నవాళ్ళు పది రోజుల్లోపు ఏఆర్-11 ఫారం ద్వారా ఇమిగ్రేషన్ శాఖకు కొత్త అడ్రసు ఇవ్వాలి.

ఆరిజోనాలో గడియారం మార్చరు. ఇక్కడ రాత్రి 8 అయితే ఇండియాలో ఇంటి దగ్గర మర్నాడు పొద్దున 8:30, ఏడాది పొడవునా అంతే. డాలస్ ఆఫీసుతో మాత్రం తేడా వేసవిలో రెండు గంటలు, చలికాలంలో ఒకటి. మార్చి, నవంబరు నెలల్లో మీటింగులు ఒకసారి సరిచూసుకోండి.

ఎనిమిదో మెట్టు: ఒళ్ళు కాపాడుకోవడం

దాహం కోసం ఆగకండి. లేవగానే ఒక పెద్ద గ్లాసు, బయటికి వెళ్ళే ముందు ఒకటి, పనిలో ఉన్నంతసేపూ కొద్దికొద్దిగా. ఉత్త నీళ్ళే కాకుండా ఉప్పేసిన పల్చటి మజ్జిగ రోజుకు రెండుసార్లు. వాకింగ్ తెల్లవారకముందే ముగించాలి. రాత్రి తొమ్మిదింటికి కూడా వంద డిగ్రీలుండే రోజులున్నాయి. ఎండ హెచ్చరిక ఉన్న రోజుల్లో క్యామెల్‌బ్యాక్ కొండ దారిని నగరమే పగటి పూట మూసేస్తుంది. అంటే మిగతా చోట్ల కూడా నడవొద్దనే అర్థం.

దగ్గు, జ్వరం, విపరీతమైన నీరసం వారం దాటి ఉంటే వ్యాలీ ఫీవర్ పరీక్ష చేయమని మీరే అడగండి. ఇది ఇక్కడి మట్టిలో ఉండే ఒక ఫంగస్ వల్ల, దుమ్ము పీల్చడం వల్ల వస్తుంది. ఒకరి నుంచి ఒకరికి అంటదు. అమెరికాలో ఎక్కువ కేసులు ఆరిజోనాలోనే. యాంటీబయాటిక్స్ దీని మీద పనిచేయవు కాబట్టి మామూలు నిమోనియా అనుకుని వారాలు వృథా అవుతాయి. షుగర్ ఉన్నవాళ్ళు, గర్భిణులు మరీ జాగ్రత్తగా ఉండాలి. వేరే రాష్ట్రంలో డాక్టరుకు చూపించుకుంటే, ఫీనిక్స్‌లో ఉంటున్నామని తప్పక చెప్పండి.

తేళ్ళుంటాయి. ఇక్కడి బార్క్ తేలు చిన్నగా, గడ్డిరంగులో ఉంటుంది, గోడలెక్కుతుంది. బ్లాక్‌లైట్ టార్చి వేస్తే ఆకుపచ్చగా మెరుస్తుంది. వారానికోసారి రాత్రిపూట పెరటి గోడ చూడండి, బూట్లు దులిపి వేసుకోండి. కుడితే పాయిజన్ కంట్రోల్ 1-800-222-1222. పసిపిల్లలను కుడితే మాత్రం ఆలోచించకుండా ఎమర్జెన్సీకి తీసుకెళ్ళండి.

గుడికి వెళ్ళేటప్పుడు సాక్సులు పట్టుకెళ్ళండి. మారికోపాలో మహాగణపతి గుడి ఉంది. చెప్పులు విడిచి మధ్యాహ్నం వేళ నేల మీద నాలుగడుగులు వేస్తే పాదాలు కాలిపోతాయి, పిల్లలవి ఇంకా త్వరగా. వేసవిలో దర్శనం పొద్దున్నే పెట్టుకోండి.

అమ్మానాన్నల్ని పిలిపించాలనుకుంటే అక్టోబరులో వచ్చి మార్చిలో వెళ్ళేలా టికెట్లు తీయండి. మే, జూన్‌లో వస్తే నాలుగు గోడల మధ్యే ఉండిపోతారు. ఆ చలికాలం నెలల్లో ఇక్కడి వాతావరణం ఎంత బాగుంటుందంటే, మా నాన్న రోజూ సాయంత్రం రెండు మైళ్ళు నడిచేవారు.

తొమ్మిదో మెట్టు: మొదటి వానాకాలం

జూన్ 15 నుంచి సెప్టెంబరు 30 దాకా ఇక్కడ మాన్సూన్. మన తొలకరి లాంటిది కాదు. ముందు దుమ్ము లేస్తుంది, తర్వాత ఉరుములు, తర్వాత అరగంటలో కుండపోత. 2011 జూలై 5న లేచిన దుమ్ముగోడ దాదాపు మైలు ఎత్తు ఉంది. ఎండిపోయిన వాగులు, ఇక్కడ వాటిని వాష్‌లంటారు, నిమిషాల్లో నిండిపోతాయి. రోడ్డు మీద నీళ్ళు పారుతుంటే లోతు చూద్దామని బండి దించొద్దు. బారికేడ్ దాటి వెళ్ళి ఇరుక్కుంటే, కాపాడిన ఖర్చు కూడా మీ దగ్గరే వసూలు చేసే చట్టం ఉంది. ఆకాశం గోధుమరంగు తిరిగితే కిటికీలు మూసి, పెరట్లో కుర్చీలు, ఆరబెట్టినవి లోపల పెట్టుకోండి.

ఆరబెట్టినవి అంటే వడియాలు. మే, జూన్‌లో పెట్టండి, మాన్సూన్ తేమ రాకముందు. ఉదయం ఆరింటికి పాత చీర మీద వేస్తే, సాయంత్రానికి చీర వెనక్కి తిప్పి నీళ్ళు చల్లాల్సిన పని కూడా లేకుండా టపటపా ఊడి వస్తాయి. మా ఊళ్ళో మూడు రోజుల పని ఇక్కడ ఒక్క రోజు. చల్ల మిరపకాయలకైతే రెండు రోజులు. దోసెల పిండి మాత్రం రాత్రంతా బయట ఉంచకండి, నాలుగైదు గంటలకే పొంగిపోతుంది. గోంగూర విత్తనాలు మార్చిలో చల్లితే జూలై ఎండలో కూడా పచ్చగా నిలబడుతుంది. టమాటాలు ఫిబ్రవరిలోనే నాటాలి, ఎండ ముదిరాక పూత నిలవదు.

వాన పడిన సాయంత్రం వీలైతే ఊరి అంచు దాకా వెళ్ళి కారు అద్దాలు దించండి. క్రియోసోట్ అనే పొద ఆకులు తడిస్తే ఒక ఘాటైన వాసన వస్తుంది, మన మట్టి వాసన లాంటిది కాదు, కాస్త కర్పూరం కలిసినట్టుంటుంది. మా పాప ఇప్పుడు దాన్నే వాన వాసన అంటోంది.